తిండి పెట్టకూడని తొట్టి

ఆ పిల్లాణ్ణి బళ్ళో అందరూ లాయరు అనేవారు. తొమ్మిదో తరగతి చదివేవాడికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరేం చెప్పినా "అదెలా కుదురుతుంది?" అని అడ్డం పడేవాడు. ఒకసారి హాజరు వేస్తుంటే "ఉన్నాను సార్" అనడానికి బదులు "కనిపిస్తున్నాను కదా సార్" అన్నాడని లెక్కల మాస్టారు బెంచీ ఎక్కించారు. ఎక్కినవాడు ఎక్కినట్టుండక, "ఇక్కణ్ణుంచి బోర్డు ఇంకా బాగా కనిపిస్తోంది సార్" అన్నాడు. తరగతి గొల్లుమంది. మాస్టారు సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగి నవ్వుకున్నారు.

వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. కొత్తవి తక్కువ, పాతవాటిని సరిచేయడమే ఎక్కువ. ప్యాంట్ల పొడవు తగ్గించడం, పాడైన జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళకి పక్క కుట్లు విప్పి వదులు చేయడం. మూడంతస్తుల పాత మేడలో రెండో అంతస్తు వాళ్ళది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, గోడకి కొట్టిన మేకులకి వరసగా వేలాడే పరాయివాళ్ళ బట్టలు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారకముందే డిపోకి పోయి మొదటి బస్సు తీసేవాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా?" అని అమ్మ బుగ్గలు పట్టుకుంటే, "వాయిదాలు పడ్డాయమ్మా" అనేవాడు.

ఆ ఏడు సైన్సు టీచరు తరగతిని ఇద్దరిద్దరుగా విడగొట్టి ఒక్కో జంటకి ఒక్కో పని అప్పజెప్పింది. లాయరు జంటకి వచ్చిన పని, ఒక చిన్న చెరువుని గదిలోకి తెచ్చి బతికించడం. జంటగా వచ్చిన అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు. మనిషీ సన్నం, గొంతూ సన్నం. వాడు వాగుతుంటే ఆ పిల్ల పని చేస్తుందని టీచరు కావాలనే కలిపింది. జరిగింది కూడా అదే. ఇద్దరూ కాలువ గట్టుకి పోయి బక్కెట్టుతో బురద తెచ్చారు. పాత గాజు తొట్టిని రుద్ది కడిగి, అడుగున బురద పరిచి, పైన ఇసక పోసి, మెల్లగా నీళ్ళు నింపారు. నీటిమొక్కలు గుచ్చారు. కొన్ని నత్తలు, గోరంత చేపలు కొన్ని వేశారు. వాటిలో పిచ్చుక ఒక్కోదాన్నీ తోక చూసి గుర్తుపట్టేది. లాయరుకి అన్నీ ఒకేలా ఉండేవి.

"మూత పెట్టాక ఇందులోకి తిండి వేయకూడదు. లోపల ఉన్నదే లోపల తిరగాలి" అంది టీచరు. "చేపలు వదిలిన మలం బురదలోకి దిగుతుంది. బురదలో మన కంటికి కనపడని జీవులు దాన్ని విరగ్గొట్టి ఎరువు చేస్తాయి. ఆ ఎరువు మొక్కలు తీసుకుంటాయి. మొక్కలు పెరిగి నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతాయి. వాటి మీద పట్టే నాచు నత్తలకి, నాచులో పుట్టే సన్న పురుగులు చేపలకి. మళ్ళీ మొదటికి."

"వెలుతురు బయట్నుంచే కదా టీచర్ వస్తోంది?" అన్నాడు లాయరు.

"వెలుతురు ఒక్కటీ సరే."

"మరి రూలు చెప్పేటప్పుడే ఆ మాట చెప్పాలి కదా. ఇప్పుడు కలిపితే చెల్లదు."

మొదట్లో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. వాసన కూడా వేసింది. పిచ్చుక హడలిపోయింది. ఆ బురదలో పని చేయాల్సిన జీవులు ఇంకా పెరగలేదని, అంతవరకూ నీళ్ళలో విషం పేరుకుంటుందని, ఓపిక పట్టమని టీచరు చెప్పింది. నీళ్ళలో ముంచితే రంగు మారే కాగితం పట్టీలు ఇచ్చింది. పసుపు రంగులో ఉంటే మంచిది, ముదురు ఊదా అయితే విషం. పొద్దున్నే తరగతి తలుపు తీయగానే పిచ్చుక ముందు పట్టీ ముంచేది. ఊదా రంగు రోజురోజుకీ పలచనై, ఒక పొద్దున పట్టీ పసుపు రంగులోనే బయటికొచ్చింది. నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి.

ఆ మధ్యలోనే ఒక చేప చచ్చిపోయింది. పిచ్చుక దాన్ని తీసి పారేద్దామంది. లాయరు ఒప్పుకోలేదు.

"పోయింది కదా అని బయట పారేస్తే ఎట్లా? దాని ఒంట్లో ఉన్నదంతా ఈ తొట్టి ఆస్తి. వారసులు లోపలే ఉన్నారు" అన్నాడు.

నత్తలు ఆ చేపని తిన్నాయి. కొన్నాళ్ళకి పక్కనున్న మొక్క కొత్త చివుళ్ళు వేసింది. లాయరు అందర్నీ పిలిచి చూపించాడు. టీచరుకి ఆ వారసుల మాట ఎంత నచ్చిందంటే, పక్క తరగతిలో కూడా చెప్పుకుంది.

సైన్సు ప్రదర్శన రోజు పొద్దున వాడికి ఒళ్ళు వెచ్చబడింది. అమ్మ మెడ మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇవాళ మానెయ్యి నాన్నా."

"నా కేసు ఇవాళేనమ్మా. నేను పోకపోతే పిచ్చుక ఒక్కతీ ఏం చెబుతుంది? దాని గొంతు దానికే వినపడదు."

అమ్మ కాసేపు కాదంది. వాడు వాదించాడు. వాడితో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. చివరికి ఒక మాత్ర వేసి, చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, "సాయంత్రం తిన్నగా ఇంటికి రా" అంది. వాడు వెళ్ళాడు. రోజంతా తొట్టి పక్కన నిలబడి వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. బహుమతి ఇచ్చే పెద్దమనిషితో కూడా వెలుతురు సంగతి తేలేదాకా వదల్లేదు. ఆ వాదన మధ్యలో వాడు బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉండటం పిచ్చుక చూసింది. సరదాకి ఆనుకున్నాడనుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. దీపం ఆర్పమన్నాడు, కళ్ళలో గుచ్చుతోందన్నాడు. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. జ్వరం మెదడు పొరలకి పాకిందన్నారు. అమ్మా నాన్నా వరండాలో బల్ల మీద కూర్చున్నారు. లోపలికి రమ్మని పిలిచిన ప్రతిసారీ వాడు ఇంకాస్త దూరం పోయినట్టుండేవాడు. ఆ వారం గడవకుండానే పోయాడు.

అమ్మ డాక్టర్ని ఒకే ఒక్క మాట అడిగింది. "ముందు రోజే తీసుకొచ్చుంటే?"

"చెప్పలేమమ్మా" అన్నాడు డాక్టరు.

అవునంటే ఏడ్చి ఉండేది. కాదంటే కాస్త ఊపిరి తీసుకునేది. ఆ రెండూ కాని మాట ఒకటి పట్టుకుని ఇంటికొచ్చింది. మిషను తొక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. కుట్టు వంకర పోయేది, విప్పి మళ్ళీ కుట్టేది. నాన్న సెలవు పెట్టకుండా బస్సు నడిపాడు. ఇంటికొచ్చి తిన్నాననిపించి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయన కంట నీరు ఆమె చూడలేదు. ఆయనకి గుండె రాయి చేసుకోవడం వచ్చింది, తనకి రాలేదు అనుకుంది.

కొన్నాళ్ళకి కొడుకు వస్తువులు ఏమైనా మిగిలాయేమోనని బడికి వెళ్ళింది. నీళ్ళ సీసా, ఆటల బూట్లు ఉన్నాయి. అవి సంచిలో పెట్టుకుని తలెత్తితే కిటికీ దగ్గర తొట్టి కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూసింది. చేపలు మొక్కల మధ్య దూరిపోయి మళ్ళీ ఇవతలికి వస్తున్నాయి.

"ఇది మావాడు చేసిందేనా?"

"మీవాడూ, ఈ పిల్లా" అని టీచరు పిచ్చుకని చూపించింది.

"నేను తీసుకుపోనా టీచర్ గారూ? మళ్ళీ ఇమ్మంటే ఇచ్చేస్తాను."

కదిలిస్తే బురద లేస్తుంది, లోపలి లెక్క తప్పుతుంది. టీచరు ఆలోచనలో పడింది. పిచ్చుక మాత్రం వెంటనే "తీసుకెళ్ళండాంటీ" అంది. అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం టీచరు వినడం అదే మొదటిసారి.

నాన్న ఒక స్నేహితుణ్ణి వ్యానుతో సహా తెచ్చాడు. నీళ్ళు సగం తోడి బక్కెట్లలో పోసి, ఇద్దరు మగవాళ్ళు తొట్టిని దుప్పటిలో పెట్టి పసిపిల్లని మోసినట్టు మెట్లెక్కించారు. మిషను పక్కన, వెలుతురు పడే చోట బల్ల వేసి పెట్టారు. పిచ్చుక వెంట వచ్చి నీళ్ళు నింపింది.

"తిండి మాత్రం వెయ్యొద్దాంటీ. అవే చూసుకుంటాయి."

"అదేంటే, నోరులేని జీవాలు కదా!"

"లోపలే ఉంటుందాంటీ వాటికి కావలసింది."

"సరేలే" అంది ఆవిడ.

మొదటి రోజుల్లో చూస్తూ ఊరుకుంది. మిషను తొక్కుతూ వాటితో మాట్లాడేది. "ఇదిగో ఈ ప్యాంటాయన మళ్ళీ లావయ్యాడు, చూశారా?" అనేది. ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని తింటుంటే, చేపలన్నీ గాజుకి ఇవతలి పక్కకి వచ్చి తన్నే చూస్తున్నట్టనిపించింది.  మూత తీసి, రొట్టె అంచు నలిపి నీళ్ళలో చల్లింది. క్షణంలో ఎగబడ్డాయి. ఆవిడకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. ఆ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

మర్నాడు కూడా వేసింది. తర్వాత ఉడికించిన గుడ్డు పచ్చసొన పొడి చేసి వేసింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. తన నీడ పడితే చాలు, పైకి వచ్చేసేవి. పిలిస్తే వచ్చేవాళ్ళు ఆ ఇంట్లో మళ్ళీ ఉన్నారు. భర్తకి అన్నం పెడుతూ ఇవాళ ఏది ముందు వచ్చిందో, ఏది బిడియపడిందో చెప్పేది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆమె ముఖం చూస్తూ వినేవాడు.

పిచ్చుక ఆదివారాలు వచ్చేది. ఒక ఆదివారం వచ్చేసరికి గాజు లోపల జిడ్డులాంటి పచ్చటి పొర కట్టి ఉంది. నీళ్ళు మసగ్గా ఉన్నాయి. ఇసక మీద తినకుండా మిగిలిన గుడ్డు పొడి బూజు పట్టి ఉంది. చేపలు పైకి చేరి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"చూడవే, ఎట్లా అడుగుతున్నాయో!" అంది అమ్మ మురిసిపోతూ. "ఎంత పెట్టినా ఆకలే. అచ్చం మావాడే."

అవి అడుగుతున్నది తిండి కాదని పిచ్చుకకి తెలుసు. నీళ్ళలో గాలి చాలక అవి పైకి వచ్చాయి. మిగిలిన తిండి కుళ్ళుతోంది. దాన్ని ఎరువు చేయడానికి బురదలో జీవులు ఉన్న ఆక్సిజనంతా వాడేస్తున్నాయి, అయినా పని తెమలడం లేదు. ఆంటీ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళినప్పుడు జేబులోంచి పట్టీ తీసి ముంచింది. ముదురు ఊదా.

"ఆంటీ, ఓ వారం తిండి ఆపి చూద్దామా?" అంది మెల్లగా.

"పస్తు పెట్టమంటావా?" ఆవిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ముఖం చూశాక పిచ్చుక పట్టీని జేబులో దోపేసుకుంది.

వెళ్ళబోతూ మళ్ళీ ఒకసారి తొట్టిలోకి చూసింది. అప్పుడు కనిపించింది, తోక దగ్గర నల్లచుక్క ఉన్న చేప. వాళ్ళు వేసినవాటిలో అలాంటిది లేదు. ఇంకోటి, ఒళ్ళు కాస్త వెడల్పుది. అదీ వాళ్ళది కాదు.

కిందికి దిగుతుంటే మెట్ల మీద లాయరు వాళ్ళ నాన్న ఎదురయ్యాడు, ఖాకీ చొక్కా భుజాన వేసుకుని.

"అంకుల్, కొత్త చేపలు వేశారా?"

ఆయన పైకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "గుర్తుపట్టావా?"

"చచ్చిపోతున్నాయి కదూ?"

"పొద్దున నేను లేచేసరికి ఒకటో రెండో తేలి ఉంటున్నాయమ్మా. ఆవిడ లేవకముందే తీసేస్తున్నాను. పెంపుడు చేపలమ్మే కొట్టువాడి దగ్గరికి చచ్చినదాన్ని కాగితంలో చుట్టుకుని పోయి, సరిగ్గా ఇలాంటిదే ఇవ్వమంటాను. వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు."

"తిండి వల్లే అంకుల్. ఆపకపోతే కొత్తవీ బతకవు."

"తెలుసు. నాకూ ముక్కుంది కదా, వాసన తెలుస్తూనే ఉంది." ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. "చెప్పకు తల్లీ. ఆవిడ నవ్వుతోంది. నీళ్ళు నేను మారుస్తాను, చేపలు నేను తెస్తాను. నువ్వు చెప్పకు."

పిచ్చుక తలూపింది. ఆ వారమంతా బళ్ళో టీచరు ముఖం చూసినప్పుడల్లా చెప్పేయాలనిపించేది. చెప్పలేదు.

ఆయన తెల్లవారుజామున చెంబుతో నీళ్ళు తోడి కొత్త నీళ్ళు పోసేవాడు. క్లోరిన్ కలిపిన కొళాయి నీళ్ళు. వాటితో బురదలో మిగిలిన మంచి జీవులు కూడా పోయాయని ఆయనకేం తెలుసు? వేసిన చేపలు వేసినట్టే పోతున్నాయి. ఒక ఉక్క రోజు, మబ్బు పట్టి వెలుతురు లేని మధ్యాహ్నం, ఆయన బస్సు మీద ఉండగా, అన్నీ ఒకేసారి తేలిపోయాయి.

ఆవిడ అప్పుడు ఒక పాపాయి గౌనుకి గుండీలు కుడుతోంది. పచ్చసొన వేద్దామని లేచి చూస్తే ఒక్కటీ రాలేదు. తెల్లటి పొట్టలు పైకి పెట్టి మొక్కల మధ్య చిక్కుకుని ఉన్నాయి. చెయ్యి పెట్టి ఒకదాన్ని తట్టింది. అది కొద్దిగా పక్కకి జరిగి ఆగింది.

మెడలో టేపు అలాగే వేలాడుతుండగా బడికి పరుగెత్తింది. తలుపు తాళం వేయలేదు. ఎడమ కాలికి తన చెప్పు, కుడి కాలికి భర్త చెప్పు. పాఠం చెబుతున్న టీచరు గుమ్మంలో ఆవిణ్ణి చూసి చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

"టీచర్ గారూ, ఒక్కసారి రండి. ఏమీ కదలడం లేదు."

టీచరు, పిచ్చుక వెంట వచ్చారు. దారంతా ఆవిడ వాళ్ళకన్నా ముందు నడిచింది. గదిలోకి అడుగు పెట్టగానే వాసన గుప్పుమంది. టీచరుకి వేరే చూడాల్సిన అవసరం లేకపోయింది.

"ఏమైంది వీటికి?" అంది ఆవిడ.

"ఉక్క ఎక్కువగా ఉంది కదమ్మా" అంది టీచరు. "వేడికి ఒక్కోసారి..."

ఆవిడ టీచర్ని వదిలి పిచ్చుక వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. తిండి ఆపమన్నావు ఆ రోజు. తిండి వల్లేనా?"

పిచ్చుక గోడకి ఆనుకుని నిలబడింది. వేలాడుతున్న బట్టల్లో ఎవరిదో కోటు చెయ్యి భుజానికి తగులుతోంది. అబద్ధం చెబుదామని నోరు తెరిచింది.

"అవునాంటీ" అంది.

ఆవిడ ఇస్త్రీ బల్ల మీద చెయ్యి ఆనించింది.

"జ్వరమొస్తే మాత్ర వేసి పంపించాను" అంది, టీచరుతోనో తనతోనో. "ఆకలని తిండి పెట్టాను. అమ్మలందరూ చేసేదే కదా. నా చేతుల్లోనే ఎందుకిట్లా అవుతుంది?"

టీచరు దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, తనకి తెలిసినవాటిలో మంచి మాట వెతికి చెప్పింది.

"ఏదీ ఊరికే పోదమ్మా. మీవాడే చెప్పేవాడు. ఇందులో ఒక చేప పోతే తీయనివ్వలేదు. అదంతా మట్టిలోకి పోయి, మొక్కలోకి వచ్చి, కొత్త ఆకైంది. అంతా అలా తిరుగుతూనే..."

"నాకు ఆకొద్దు టీచర్ గారూ" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నాకు మా పిల్లాడు కావాలి."

టీచరు చెయ్యి భుజం మీదే ఉండిపోయింది.  కాసేపటికి కింద కత్తిరింపు ముక్కల మధ్య కూర్చుంది. ఆవిడ కూడా పక్కనే కూలబడింది. పిచ్చుక నిలబడే ఏడ్చింది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న, తీసి ఉన్న తలుపూ, లోపలి మనుషుల్నీ, తొట్టినీ వరసగా చూశాడు.  

"వాడివన్నీ పోయాయండీ" అంది ఆవిడ. "వాడు తెచ్చినవన్నీ. నేనే చంపేశాను."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అవి వాడివి కావే."

"ఏంటి?"

"వాడివి ఎప్పుడో పోయాయి. ఒకటీ ఒకటీ పోతూ వచ్చాయి. పొద్దున్నే తీసేసి కొట్లోంచి వేరేవి తెచ్చి వేస్తున్నాను. నువ్వు చూడకూడదని."

 ఆవిడ కోప్పడుతుందని పిచ్చుక అనుకుంది. ఆవిడ ముఖంలో ముందు అదే వచ్చింది. ఇన్నాళ్ళూ తను పేరుపేరునా పలకరించినవి కొట్టువాడి చేపలా! తొట్టి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆయన చేతిలో టోపీ గుండ్రంగా తిరుగుతోంది.

"పోయినవాటిని ఏం చేశారు?"

"పారెయ్యబుద్ధి కాలేదు. కొట్లో చూపించాక, మర్నాడు డ్యూటీకి పోతూ జేబులో వేసుకెళ్ళి డిపో వెనక గోడ పక్కన పూడ్చాను."

"రోజూనా?"

"ఇంచుమించు రోజూ."

"ఒక్కరే?"

ఆయన కింది పెదవి వణికింది. దాన్ని ఆపడానికి పళ్ళతో పట్టుకున్నాడు, ఆగలేదు. అంత మనిషి గోడకి ఆనుకుని జారి కూర్చుని, ఆస్పత్రి వరండాలో రావాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చాడు. ఆవిడ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి ఆయన తల ఒళ్ళోకి లాక్కుంది.

"నన్ను పిలవలేదేం?" అంది. "ఏడవడానికైనా నన్ను పిలవలేదేం మీరు?"

టీచరు పిచ్చుక చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. కింది అంతస్తులో ఎవరో రేడియో పెట్టారు. పిచ్చుక తడి కళ్ళతో "చెప్పకుండా ఉండాల్సింది కదా టీచర్?" అంది.  "నాకూ తెలీదమ్మా" అంది టీచరు.

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. కొడుకు పోయాక పెట్టిన మొదటి సెలవు. ఇద్దరూ కలిసి తొట్టి ఖాళీ చేశారు. నీళ్ళు తోడింది ఆయన, బురద చేత్తో తీసింది ఆవిడ. నత్తలు కొన్ని గట్టివి, బతికే ఉన్నాయి. వాటిని పిచ్చుక డబ్బాలో వేసుకుని బడికి తీసుకుపోయింది. తొట్టి పగలలేదు గానీ గాజు మీద మరక ఎంత రుద్దినా పోలేదు. దాన్ని కూడా తీసుకుపొమ్మన్నారు.

ఆ తర్వాత కూడా పిచ్చుక ఆదివారాలు వస్తూనే ఉంది. మిషను పక్కన బల్ల ఖాళీగా ఉండేది. ఒకసారి ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ తలెత్తకుండా, "ఆ రోజు ప్రదర్శనలో ఏం మాట్లాడాడు? మొత్తం చెప్పు" అంది. పిచ్చుక చెప్పింది. వచ్చినవాళ్ళని ఎలా ఆపాడో, పెద్దమనిషి ఎలా చెమటలు తుడుచుకున్నాడో, అంతా. బల్ల అంచు పట్టుకున్న సంగతి దాచేద్దామనుకుంది, అదీ చెప్పేసింది. "నేను అడగాల్సిందాంటీ, ఒంట్లో ఎలా ఉందని." ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "అడిగినా చెప్పేవాడు కాదే వాడు. బాగానే ఉన్నానని నీతో కూడా వాదించేవాడు" అంది. ఇద్దరూ నవ్వబోయారు. ఆ నవ్వు సగంలోనే విరిగింది. ఆ సాయంత్రం ఆవిడ కుట్టిన కుట్టు వంకర పోయింది. విప్పకుండా అలాగే మడిచి పెట్టింది.

ఒక పొద్దున భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, "నేనూ వస్తాను" అంది.

"డిపోకా? ఈ వేళప్పుడు అక్కడేముంటుంది?"

"వస్తాను."

ఇద్దరూ నడిచి వెళ్ళారు. డిపో ఆవరణలో బస్సులు వెనక్కి తిరుగుతూ పొగ వదులుతున్నాయి. డీజిలు మరకలు తొక్కుకుంటూ ఆయన ఆవిణ్ణి షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. పొడవాటి గోడ, దాని మొదట్లో పలచగా గడ్డి. ఏ చోటు వేరుగా లేదు. ఎక్కడా ఎక్కువ పచ్చగా లేదు.

"ఎక్కడ?"

ఆయన కాసేపు అటూ ఇటూ చూశాడు. "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాను. ఆ పైపు దాకా ఉంటాయి. చీకట్లో సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు."

ఆవిడ గోడ పొడుగునా పైపు దాకా నడిచింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. అడుగు ఎక్కడ వేయాలో తెలియనట్టు గడ్డికి ఇవతలే నడిచింది. తర్వాత అక్కడున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఆయన పక్కన నిలబడ్డాడు. షెడ్డులోంచి కండక్టరు విజిలు వేశాడు, మొదటి బస్సు వేళయిందని.

"నిన్ను ఇంటి దగ్గర దించి పోతాను, దారే కదా."

"మీరు పోయి రండి. నేను కాసేపుంటాను."

"ఒక్కదానివే ఎట్లా?"

"ఇన్నాళ్ళూ మీరున్నారుగా" అంది ఆవిడ. "ఇవాళ నేనుంటాను. మీరు పోండి."

ఆయన రెండడుగులు వేసి ఆగాడు. విజిలు మళ్ళీ మోగింది. ఆవిడ వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది.